సినిమా హెలికాప్టర్‌ని స్కేల్ మోడల్‌గా చెయ్యడం: కిట్ కొనడం నుంచి షోకేసులో పెట్టేదాకా

ఎయిర్‌వుల్ఫ్ చెయ్యాలనుంది, బ్లూ థండర్ చెయ్యాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, శ్రీకాకుళంలో ఉంటూ సామాన్లు ఎలా సంపాదించాలి, రంగు కొట్టగానే పాలిపోయినట్టు తెల్లబడుతోంది ఏం చెయ్యాలి... ఈ ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట, చేసే వరుసలోనే రాస్తున్నాను. విమానాల కిట్లు ఒకటి రెండు చేసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొత్తవాళ్లు అయితే ముందు మొత్తం ఒకసారి చదివి, తర్వాత పెట్టె తెరవండి.

## 1. తెరమీద ఎగిరింది అసలు ఏ హెలికాప్టరో ముందు తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. కథలో దాని పేరేదైనా కావచ్చు, మనం చెయ్యాల్సింది కెమెరా ముందు నిలబడిన మెషిన్‌ని.

ర్యాంబో 3 (1988) సంగతి చూడండి. అందులో కనిపించేది రష్యన్ ఎమ్ఐ-24 అని కథ చెబుతుంది. నిజానికది పైన రేకులు తొడిగి వేషం వేసిన ఫ్రెంచ్ ప్యూమా. ఎమ్ఐ-24కి పైన అయిదు బ్లేడ్లు, ప్యూమాకి నాలుగు. మీరు ఎమ్ఐ-24 కిట్ కొని ఎంత అందంగా చేసినా అది సినిమాలో హెలికాప్టర్ అవదు. ప్యూమా కిట్ కొని, దానిమీద ప్లాస్టిక్ షీటుతో ఆ వేషం కట్టాలి.

తరచూ అడిగేవాటి వివరాలు ఇవి:

- ఎయిర్‌వుల్ఫ్ (సీరియల్, 1984లో మొదలైంది): బెల్ 222. పైన రెండు బ్లేడ్లు, లోపలికి ముడుచుకునే చక్రాలు. 222యూ అనే రకానికి చక్రాల బదులు స్కిడ్లు (నేలమీద ఆనే పొడుగు గొట్టాల కాళ్లు) ఉంటాయి, పొరపాటున ఆ ఫొటోలు చూసి చెయ్యకండి.
- బ్లూ థండర్ (సినిమా, 1983): ఫ్రెంచ్ గజెల్‌కి వేషం. పైన మూడు బ్లేడ్లు. తోకలో మామూలు రోటర్ (తిరిగే బ్లేడ్ల సెట్టు) ఉండదు, గుండ్రటి గూట్లో 13 చిన్న రెక్కల ఫ్యాన్ ఉంటుంది. దాన్ని ఫెనెస్ట్రాన్ అంటారు.
- మాగ్నమ్ పి.ఐ. (పాత సీరియల్, 1980-88): హ్యూస్ 500డి. పైన అయిదు బ్లేడ్లు, తోక టి ఆకారం. దీని తాత అయిన మిలిటరీ ఓహెచ్-6కి నాలుగే బ్లేడ్లు, తోక కూడా వేరు. కాబట్టి ఓహెచ్-6 కిట్ దీనికి పనికిరాదు.
- మాష్ (సీరియల్, 1972-83): బెల్ 47. ముందు గాజు బుడగ, వెనక పైపుల చట్రం. చూడ్డానికి సింపుల్‌గా ఉంటుంది కానీ ఆ చట్రం అతికించడానికి చాలా ఓపిక కావాలి, మొదటి మోడల్‌గా వద్దు.
- అపోకలిప్స్ నౌ (1979): బెల్ హ్యూయీలు, ఫిలిప్పీన్స్ వైమానిక దళం దగ్గర తెచ్చుకున్నవి. హ్యూయీలో పొట్టి బాడీ, పొడుగు బాడీ రెండూ ఉన్నాయి. పక్క తలుపుకి రెండు కిటికీలుంటే పొడుగుది.

కిట్ల విషయానికొస్తే ఎయిర్‌వుల్ఫ్ 1/48లో (అంటే అసలు సైజులో 48వ వంతు) ఆవోషిమా కంపెనీ వాళ్లది ఉంది, బ్లూ థండర్ 1/32లో మోనోగ్రామ్ పాత కిట్ ఉంది, హ్యూస్ 500డి 1/48లో అకాడమీ చేసింది. హ్యూయీలకైతే కొదవే లేదు. మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పేది మాగ్నమ్ హ్యూస్. చిన్నది, భాగాలు తక్కువ, స్కిడ్లు కాబట్టి ముక్కులో బరువు పెట్టే గొడవ లేదు, గోధుమరంగు మీద నారింజ, పసుపు చారలతో పూర్తయ్యాక చాలా బాగుంటుంది.

## 2. స్కేలు, షోకేసు కొలత

రోటర్ వ్యాసాన్ని స్కేలుతో భాగిస్తే మోడల్‌కి ఎంత చోటు కావాలో తెలుస్తుంది. గజెల్ రోటర్ వ్యాసం 10.5 మీటర్లు. 1/32లో అది దాదాపు 33 సెంటీమీటర్లు, 1/48లో 22, 1/72లో 14.6. హ్యూయీ హెచ్ రకం రోటర్ 14.63 మీటర్లు, అంటే 1/48లో కూడా 30 సెంటీమీటర్లు దాటుతుంది. మన ఇళ్లలో షోకేసు అర లోతు కొలిచి చూసుకోండి. రెండు బ్లేడ్లవైతే బాడీకి వరసగా తిప్పి పెట్టొచ్చు, మూడు, అయిదు బ్లేడ్లవాటికి ఆ వెసులుబాటు ఉండదు.

## 3. ఫొటోలు: ఒక్క సీన్ ఎంచుకోండి

సినిమావాళ్లు ఎగిరే హెలికాప్టర్ ఒకటి, స్టూడియోలో నటులు కూర్చునే డమ్మీ ఒకటి, పేలిపోయే చిన్న మోడల్ ఇంకొకటి వాడతారు. వాటిమధ్య తేడాలుంటాయి. ఇక్కడి కిటికీ, అక్కడి తుపాకీ కలిపితే ఎక్కడా లేని హెలికాప్టర్ తయారవుతుంది. అందుకే ఒక ఎపిసోడ్, ఒక సీన్ ఎంచుకుని, ముందు, వెనక, రెండు పక్కలు, పైన, కింద, లోపల కనిపించే ఫ్రేములు ఆపి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పొట్ట కింద ఏముందో టేకాఫ్ షాట్లలో దొరుకుతుంది.

రంగుని మాత్రం ఒక్క స్క్రీన్‌షాట్ చూసి నిర్ణయించకండి. సాయంత్రం ఎండలో తీసిన షాట్‌లో బూడిదరంగు కూడా గోధుమరంగులా ఉంటుంది. మధ్యాహ్నం, నీడలో, రాత్రి తీసినవి పక్కపక్కన పెట్టి చూడండి.

అసలు మెషిన్ ఉపరితలం దగ్గర్నుంచి ఎలా ఉంటుందో చూడాలంటే విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమాన మ్యూజియంకి ఒక పూట వెళ్లిరండి. అది హెలికాప్టర్ కాదు, అయినా రివెట్లు ఎలా ఉంటాయో, రేకుల అతుకుల దగ్గర మురికి ఎటు కారుతుందో అక్కడ కళ్లతో చూసినవాడికి మోడల్ మీద చెయ్యి తిన్నగా పోతుంది.

## 4. సామాన్లు మన ఊళ్లోనే

కిట్, సన్న జిగురు (ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి అతికించే పలచటిది), మోడల్ పెయింట్లు ఆన్‌లైన్‌లో తెప్పించాల్సిందే. మిగతావి దాదాపు అన్నీ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కలో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఒక పూటలో పోగేయొచ్చు.

- వాటర్ పేపర్ 400, 600, 1000, 2000 నంబర్లు: కార్ల పెయింట్ కొట్టు. మామూలు గరుకు కాగితం తీసుకోవద్దు, నీళ్లతో రుద్దేది కావాలి.
- సన్న మొన పట్టకారు, భూతద్దం లైటు, శుభ్రం చేసే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావకం: సెల్‌ఫోన్ రిపేరు సామాన్ల కొట్టు.
- సన్నటి ఆకురాళ్లు, చిన్న చేతి డ్రిల్లు: కంసాలి పనిముట్లు అమ్మే చోట.
- సీసం గుండ్లు: వలల సామాన్ల కొట్టు. కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.
- సిరంజీలు, గ్లోవ్స్: మందుల షాపు.
- బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, టూత్‌పిక్‌లు: ఇంట్లోవే.
- ఆవిరి ఆపే ఫిల్టర్ మాస్క్: ఆన్‌లైన్. దుమ్ము మాస్క్, గుడ్డ మాస్క్ థిన్నర్‌కి పనిచెయ్యవు. దీని దగ్గర డబ్బు మిగల్చొద్దు.

కార్ల పెయింట్ కొట్టులో దొరికే ఎన్‌సీ థిన్నర్ ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. బ్రష్షులు కడగడానికి వాడండి, బాడీ మీదకి తేకండి.

## 5. మొదటి రోజు జిగురు ముట్టుకోకండి

భాగాలన్నీ అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రంతో సహా గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడిగి ఆరబెట్టండి. అచ్చునుంచి ఊడిరావడానికి రాసిన నూనె వాటిమీద ఉంటుంది, అది పోకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది.

తర్వాత బాడీ రెండు సగాలూ టేపుతో అంటించి, అద్దాలు, తోక, రోటర్ మొదలు అన్నీ పెట్టి చూడండి. ఎక్కడ సందు వస్తోందో, ఏది వంకరపోయిందో ఒక కాగితం మీద రాసుకోండి. చాలామంది దాటేసేది ఈ పనే, తర్వాత వారాల తరబడి పుట్టీ రుద్దేది కూడా వాళ్లే.

## 6. లోపలి భాగం, ముక్కు బరువు

హెలికాప్టర్‌కి ముందంతా గాజే. విమానం మోడల్‌లో కాక్‌పిట్ సగం దాగిపోతుంది, ఇక్కడ సీట్లు, పెడళ్లు, వెనక గోడ అన్నీ కనిపిస్తాయి. అందుకని బాడీ మూసేలోపే లోపలంతా రంగులతో సహా పూర్తవ్వాలి. సీటు బెల్టులకి మాస్కింగ్ టేపు సన్నగా కోసి రంగేస్తే చాలు. మీటర్ల ప్యానెల్‌కి నల్లరంగు వేసి, ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత బూడిదరంగు పైపైన తాకిస్తే అంకెలు, అంచులు తేలతాయి. ఒక్కో మీటరు మీద టామియా కంపెనీ ఎక్స్-22 క్లియర్ (రంగులేని మెరుపు పూత) చుక్క పెడితే గాజులా మెరుస్తుంది.

బెల్ 222 లాంటి చక్రాలవాటికి ముక్కులో బరువు పెట్టకపోతే మోడల్ తోకమీద కూలబడుతుంది. బాడీ టేపుతో అంటించి, ప్రధాన చక్రాలు వచ్చేచోట రెండు వేళ్లమీద ఆనించి, తోక లేచేదాకా ముక్కులో సీసం వేసుకుంటూ పోండి. రోటర్, తోక రెక్కలు కూడా టేపుతో పెట్టే తూచాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

ఆ సీసాన్ని ఫెవికాల్‌తో అతికించకండి. తెల్ల జిగురు తగిలి గాలాడని చోట మూసుకుపోయిన సీసం మెల్లగా తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, కొన్నాళ్లకి బాడీ అతుకు పగులుతుంది. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వాడండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సీసం పిల్లలకి అందనివ్వకండి.

## 7. బాడీ మూయడం

రెండు సగాలూ కలిపి పట్టుకుని, అతుకు మీద సన్న జిగురు బ్రష్‌తో తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. రెండు మూడు అంగుళాలే చెయ్యండి, గట్టిగా నొక్కండి, కరిగిన ప్లాస్టిక్ సన్న గీతలా బయటికి ఉబికితే అతుకు పడినట్టు. క్లిప్పులు పెట్టి వదిలెయ్యండి. తోక బూమ్ (బాడీ నుంచి తోక దాకా ఉండే గొట్టం) పొడుగ్గా సన్నగా ఉంటుంది కాబట్టి మెలిక పడే అవకాశం ఎక్కువ, వెనకనుంచి ఒక కన్ను మూసి చూసి, తోక నిలువు రెక్క బాడీకి నిటారుగా ఉందో లేదో జిగురు పచ్చిగా ఉన్నప్పుడే సరిచెయ్యాలి.

రెండు రోజులాగి 400తో మొదలుపెట్టి 1000 దాకా నీళ్లతో రుద్దండి. తొందరపడి మర్నాడే రుద్దితే అప్పటికి నున్నగా ఉంటుంది కానీ ప్లాస్టిక్ పూర్తిగా గట్టిపడ్డాక అతుకు మళ్లీ గీతలా లోపలికి దిగిపోతుంది. తర్వాత బూడిదరంగు ప్రైమర్ (అసలు రంగుకి ముందు వేసే అడుగు పూత) పలచగా కొట్టి, లైటు పక్కనుంచి వేసి చూడండి. ఇందాక కనపడని గీతలన్నీ ఇప్పుడు బయటపడతాయి. పుట్టీ, రుద్దుడు, మళ్లీ ప్రైమర్. ఎన్నిసార్లయినా సరే, ఇక్కడ వదిలేసిన గీత పైరంగులో రెట్టింపుగా కనిపిస్తుంది.

## 8. అద్దాలు

- ఫెవిక్విక్ రకం జిగురు అద్దాల దగ్గరికి తీసుకురావద్దు. దాని ఆవిరికే అద్దం తెల్లగా మసకబారుతుంది. ఇక్కడ మాత్రం ఫెవికాల్ మంచిది, ఆరాక కనపడదు, మిగిలింది తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు.
- గీత పడితే 2000 వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది, తర్వాత టూత్‌పేస్ట్‌తో మెత్తటి గుడ్డమీద మెరుగు పెట్టండి.
- బ్లూ థండర్ అద్దాలు చదునైన పలకలు. వాటి అంచులు గుండ్రంగా అరిగిపోయేలా రుద్దితే ఆ రూపమే పోతుంది.
- నల్లద్దం కావాలంటే టామియా ఎక్స్-19 స్మోక్ లోపలివైపు నుంచి పలచగా, రెండు మూడు పూతలుగా కొట్టండి. బ్రష్‌తో వేస్తే చారలు వస్తాయి.
- ఫ్రేములు వదిలి అద్దాలమీద టేపు అంటించాక (మాస్కింగ్) ముందు లోపలి రంగు, దానిమీద బయటి రంగు కొట్టాలి. అప్పుడు అద్దంలోంచి చూసినా ఫ్రేము సరైన రంగులో ఉంటుంది.

## 9. రంగు: మన తేమతోనే అసలు పేచీ

సముద్రం దగ్గర ఊళ్లలో రంగు పాలిపోవడానికి కారణం మీ చెయ్యి కాదు, గాలి. లాకర్ రంగుల్లో థిన్నర్ త్వరగా ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దానిమీద చేరి తెల్లటి పొరలా చిక్కుకుంటుంది. అక్టోబరు, నవంబరులో తుపాన్లు వచ్చే రోజుల్లో, వాన వెలిసిన సాయంత్రాల్లో లాకర్ కొట్టకండి. పొద్దున మంచు విడిపోయి ఎండ ముదిరాక, పదింటి నుంచి మూడింటి మధ్య మంచి సమయం. ఆగడం కుదరకపోతే రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపిన థిన్నర్ వాడండి, లేదా ఆక్రిలిక్ రంగులకి మారండి. అప్పటికే తెల్లబడితే టెన్షన్ పడి చెరిపెయ్యొద్దు. పొడి రోజు చూసి, ఆ రంగు కంపెనీ థిన్నరే బాగా పలచగా దూరంనుంచి ఒక పూత కొడితే చాలాసార్లు మామూలు అవుతుంది.

ఎయిర్‌వుల్ఫ్ రంగు వరుస చెబుతాను, మిగతావాటికీ ఇదే పద్ధతి. కింది భాగం లేత రంగు, పైది ముదురు. ముందు లేతది మొత్తం కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, పక్కలమీద వంపు గీతని సన్నటి టేపుతో గీసి, కింద మూసేసి అప్పుడు ముదురు రంగు. తిరగేసి చేస్తే లేత రంగుతో కిందున్న ముదురు రంగుని కప్పడానికి పూతమీద పూత వేసి రేకుల గీతలన్నీ పూడిపోతాయి. రెండు పక్కలా వంపు ఒకేలా రావాలంటే ఒక పక్క టేపు ఆకారాన్ని కాగితం మీద గీసి, కత్తిరించి, తిరగేసి రెండోపక్కకి పెట్టుకోండి.

తెరమీద అది నల్లగా కనిపిస్తుంది కానీ అచ్చ నలుపు కొట్టకండి. చిన్న సైజులో నలుపు వివరాలన్నీ మింగేసి బొమ్మలా చేస్తుంది. ముదురు బూడిదరంగు కొట్టండి.

స్ప్రే డబ్బా వాడేవాళ్లు డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, బాగా కుదిపి, 20-25 సెంటీమీటర్ల దూరంనుంచి, మోడల్ బయట మొదలుపెట్టి బయట ఆపాలి. మసిలే నీళ్లలో పెడితే డబ్బా పేలుతుంది. కిటికీలు తెరిచి, పక్కన పొయ్యి గానీ దీపం గానీ లేకుండా చూసుకోండి.

## 10. డెకాల్స్

డెకాల్ అంటే నీళ్లలో ముంచి జార్చి అంటించే బొమ్మలు, అక్షరాలు. ముందు మెరుపు వార్నిష్, దానిమీద డెకాల్, మళ్లీ వార్నిష్. గరుకు రంగుమీద డెకాల్ పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

పాత కిట్లలో డెకాల్ షీట్ పసుపెక్కి ఉంటే పారదర్శక కవర్లో పెట్టి కిటికీ అద్దానికి ఎండ తగిలేలా కొన్ని రోజులు అంటించండి, చాలావరకు తెల్లబడుతుంది. పగిలిపోయేలా ఉంటే నీళ్లలో వేసేముందు క్లియర్ పూత కొట్టండి.

సొంతంగా ప్రింట్ చేసుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, మన ప్రింటర్లలో తెలుపు ఉండదు. తెల్ల అక్షరాలు కావాలంటే తెల్ల షీట్ మీద చుట్టూ బాడీ రంగు ప్రింట్ చెయ్యాలి. ఇంక్‌జెట్ అయితే క్లియర్ పూత వేసి ఆరాకే నీళ్లలో ముంచండి. అక్షరాల ఎత్తు ఊహించకండి, స్క్రీన్‌షాట్‌లో తలుపు ఎత్తుతో పోల్చి, మీ మోడల్ తలుపు కొలిచి లెక్కగట్టండి.

## 11. రోటర్

మోడల్ తెలిసినవాడు ఎవరైనా ముందు చూసేది ఇక్కడే.

దిశ ముందు. అమెరికన్ హెలికాప్టర్లలో (బెల్, హ్యూస్) రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. ఫ్రెంచ్ గజెల్, ప్యూమా, మన చేతక్ కూడా, గుడిలో ప్రదక్షిణ చేసినట్టు తిరుగుతాయి. బ్లేడ్‌కి మందంగా గుండ్రంగా ఉన్న అంచు ముందుకి దూసుకెళ్లాలి, పలచటి అంచు వెనక. సరిచూసుకోవడానికి పైలట్ సీట్లో కూర్చున్నట్టు ఊహించుకోండి. కుడిపక్క బ్లేడ్ మందపు అంచు బెల్‌లో ముక్కు వైపు, గజెల్‌లో తోక వైపు ఉండాలి.

తర్వాత వాలు. నేలమీద ఆగి ఉన్నప్పుడు పొడుగు బ్లేడ్లు సొంత బరువుకి చివర్లు కిందకి వాలతాయి. కిట్‌లో కర్రల్లా తిన్నగా వస్తాయి. పెద్ద సీసా పొట్టకి బ్లేడ్‌ని టేపుతో అంటించి, పొయ్యిమీంచి దించి నిమిషం ఆగిన వేడినీళ్లలో కాసేపు ఉంచి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. అన్ని బ్లేడ్లకీ అదే సీసా, అంతే సమయం. గాల్లో ఎగురుతున్నట్టు పెట్టేవాళ్లకి ఇది తలకిందులు, బ్లేడ్లు బరువు మోస్తూ చివర్లు కొంచెం పైకి లేస్తాయి.

రోటర్ ఇరుసుని జిగురుతో బిగించెయ్యకండి. లోపల సన్న ఇత్తడి గొట్టం పెట్టి ఊడదీసేలా ఉంచుకుంటే బస్సులో తీసుకెళ్లేటప్పుడు బతుకుతుంది.

## 12. చివరి వివరాలు

- లైట్లు: పైలట్‌కి ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ.
- యాంటెన్నాలు: కిట్ చట్రం ముక్కని కొవ్వొత్తి మంటకి కాస్త పైన తిప్పుతూ, మెత్తబడగానే పక్కకి తీసి రెండువైపులా లాగితే వెంట్రుకలాంటి తీగ వస్తుంది.
- మసి: ఎగ్జాస్ట్ (ఇంజిన్ పొగ గొట్టం) వెనక ముదురు గోధుమ, నలుపు పొడి రంగులు బ్రష్‌తో వెనక్కి రుద్దండి. యుద్ధ సినిమా హ్యూయీకి తోక బూమ్ మీద మసి, స్కిడ్ల దగ్గర దుమ్ము బాగా ఉండాలి. మాగ్నమ్ హ్యూస్ టూరిస్టులని తిప్పే బండి, దాన్ని కడిగినట్టు ఉంచాలి.

## 13. పూర్తయ్యే ముందు ఈ జాబితా చూడండి

- బ్లేడ్ల సంఖ్య, మందపు అంచు దిశ సరిగా ఉన్నాయా?
- వెనకనుంచి చూస్తే తోక నిటారుగా ఉందా?
- చక్రాలవైతే మూడూ నేలకి ఆనుతున్నాయా? స్కిడ్లయితే గాజు పలక మీద పెట్టినప్పుడు ఊగుతోందా?
- అద్దాల లోపల దుమ్ము గానీ వేలిముద్ర గానీ ఉండిపోయిందా? ఉంటే మాస్కింగ్ తీసిన రోజే తలుపు సందులోంచి శుభ్రం చెయ్యాలి, తర్వాత కుదరదు.
- మీరు ఎంచుకున్న సీన్‌లో లేని తుపాకీ, యాంటెన్నా ఏదైనా ఉందా?

పెట్టేచోటు గురించి కూడా. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు గదిలోనూ, అద్దాలెత్తిన కారులోనూ బ్లేడ్లు వాటంతటవే వంగిపోతాయి. అద్దాల పెట్టెలో, ఎండ నేరుగా పడని గోడకి పెట్టండి. వానాకాలంలో లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని అప్పుడప్పుడు ఎండబెట్టి మళ్లీ వెయ్యండి. దుమ్ము దులపడానికి గుడ్డ వద్దు, యాంటెన్నాలు విరుగుతాయి. మెత్తటి పెద్ద బ్రష్‌తో, రోటర్ తీసి పక్కన పెట్టి, తోక నుంచి ముక్కువైపు దులపండి.